మాట్లాడనివాళ్ళ లెక్క

చిన్న కంపెనీ షేరు గురించి ఆన్‌లైన్‌లో మాట్లాడేవాళ్ళలో చాలామంది దగ్గర ఆ షేరు అప్పటికే ఉంటుంది. వినడానికి ఇది మామూలు సంగతే. మదుపరుల మాటల్ని పోగుచేసి, వాటిలోని ఆశనూ భయాన్నీ అంకెల్లోకి దించే పనిలో కొన్నేళ్ళు గడిపాక గానీ ఈ మామూలు సంగతికి ఎంత బరువుందో నాకు అర్థం కాలేదు.

నేను చేసే పనేమిటో ముందు చెప్పాలి. షేర్ల గురించి జనం రాసుకునే సందేశాలను కంప్యూటరు చదివి ఒక్కోదానికీ ఒక మార్కు వేస్తుంది. కొనమంటోందా, అమ్మమంటోందా, రెండూ కాదా అని. ఆ మార్కులన్నీ కలిపి ఒక్కో కంపెనీకి రోజుకో అంకె తయారవుతుంది. మార్కెట్లో దాన్ని సెంటిమెంట్ స్కోరు అంటారు. పైకి చూస్తే ఇంతే.

పెద్ద కంపెనీల విషయంలో ఈ అంకె వల్ల ఒరిగేది తక్కువ. రిలయన్స్ గురించో ఇన్ఫోసిస్ గురించో ఎవరో ఒకరు ఏదో రాసినంత మాత్రాన ధర కదలదు. వాటి లెక్కలను ఎంతోమంది అనలిస్టులు మూడు నెలలకోసారి వడపోస్తూనే ఉంటారు. చిన్న కంపెనీల సంగతి వేరు. మార్కెట్ విలువను బట్టి వరస పెడితే 251వ స్థానం నుంచి కిందికి ఉన్నవన్నీ స్మాల్ క్యాప్ అని మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో మ్యూచువల్ ఫండ్ల కోసం గీత గీసింది. ఆ గీతకు కింద వేల కంపెనీలున్నాయి. వాటిలో చాలావాటి గురించి ఏ బ్రోకరేజీ సంస్థా నివేదిక రాయదు. పేపర్లో పేరు కనిపించదు. ఫ్యాక్టరీ నడుస్తోందో లేదో వెళ్ళి చూసినవాడుండడు. సమాచారం లేని చోట మాటే సమాచారమైపోతుంది. అందుకే మాటల్ని కొలవడానికి చిన్న కంపెనీల కంటే తగిన చోటు లేదని మొదట్లో నాకనిపించింది. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. కొలిచినదానికి అర్థం ఏమిటన్న దగ్గరే నా ఆలోచన మారింది.

చదువుకున్నవాళ్ళు ఈ దారిలో నాకంటే చాలా ముందే నడిచారు. మాల్కమ్ బేకర్, జెఫ్రీ వర్గ్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో అమెరికా మార్కెట్ మీద ఒక పరిశోధన ప్రచురించారు. మార్కెట్లో ఉత్సాహం పొంగి ఉన్న కాలం తర్వాత చిన్నవీ, కొత్తవీ, లాభాలు లేనివీ, డివిడెండ్ ఇవ్వనివీ అయిన కంపెనీల షేర్లు మిగతావాటికంటే తక్కువ రాబడి ఇస్తాయని, ఉత్సాహం అడుగంటిన కాలం తర్వాత అవే షేర్లు ఎక్కువ ఇస్తాయని వాళ్ళు చూపించారు. అలాంటి కంపెనీకి ఇంత విలువ అని తేల్చడం కష్టం. కాబట్టి ఆశకు హద్దు ఉండదు, భయానికీ ఉండదు.

మాటల్ని నేరుగా కొలిచినవాళ్ళలో వెర్నర్ ఆంట్‌వైలర్, మర్రే ఫ్రాంక్ ముఖ్యులు. 45 కంపెనీల గురించి ఇంటర్నెట్‌లో 2000 సంవత్సరంలో జనం రాసుకున్న 15 లక్షలకు పైగా సందేశాలను వాళ్ళు పోగుచేశారు. ముందు వెయ్యి సందేశాలను మనుషులే చదివి విడదీశారు, వాటిని చూసి మిగతావాటిని విడదీయడం కంప్యూటరుకు నేర్పారు. 2004లో అచ్చయిన ఆ పరిశోధనను నేను పనిలో చేరిన కొత్తలో చదివాను, ఆ తర్వాత కూడా తిరగేస్తూనే ఉన్నాను. ఈ మాటల నుంచి రేపటి ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నది చెప్పగలిగేది చాలా స్వల్పమని, కొనుగోలు అమ్మకాల ఖర్చులకు కూడా అది చాలదని అందులో తేలింది. అయితే మాటలు పెరిగితే ధరలో ఊగిసలాట పెరుగుతుందని ముందే చెప్పవచ్చు. జనంలో అభిప్రాయభేదం ఎక్కువగా ఉన్నరోజు లావాదేవీలు కూడా ఎక్కువగా జరుగుతాయి. అంటే అందరూ ఒకే మాట అంటున్న రోజు కంటే వాదులాడుకుంటున్న రోజు మనకు ఎక్కువ చెబుతుంది. ఈ ముక్క మనసులో పెట్టుకుని చదవండి, మళ్ళీ అవసరం వస్తుంది.

మన మాటలతో ఈ పని చేయడంలో కష్టం ఇంకొంచెం ఎక్కువ. ఇంగ్లీషులో కూడా అంత తేలిక కాదు. టిమ్ లాఫ్రన్, బిల్ మెక్‌డొనాల్డ్ 2011లో చూపించినదాన్ని బట్టి, మామూలు నిఘంటువు చెడ్డమాటలుగా లెక్కగట్టిన వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు కంపెనీ నివేదికల్లో చెడ్డమాటలే కావు. పన్ను, ఖర్చు, అప్పు, క్రూడ్ లాంటివి అక్కడ వ్యాపారం చేసేవాళ్ళ రోజువారీ మాటలు. ఇక తెలుగు మదుపరులు ఎక్కువగా తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. "చేస్తా" అన్న ఒక్క మాటే నాలుగైదు స్పెల్లింగుల్లో కనబడుతుంది. మిగతావి మార్కెట్ మాటలు: హోల్డ్, టార్గెట్, బుక్ చేసుకోవడం, యావరేజ్ చేయడం, అప్పర్ సర్క్యూట్, ఆపరేటర్ ఎంటరయ్యాడు. "పడుద్ది" అంటే భయం, "పడదు" అంటే ధైర్యం. "ఇంక పడ్డానికి ఏముంది" అన్నది ఆశో నిరాశో తేలాలంటే రాసినవాడు ఏ ధరకు కొన్నాడో తెలియాలి. నూరు రూపాయల దగ్గర కొన్నవాడి నోట అది ఏడుపు. ఇరవై దగ్గర కొందామని కాచుకున్నవాడి నోట అది ఆశ. కొన్న ధర మాత్రం సందేశంలో ఉండదు.

ఆంట్‌వైలర్, ఫ్రాంక్ చేసినట్టే మేమూ కంప్యూటరుకు నేర్పేముందు మనుషులతో మార్కులు వేయిస్తాం. ఒకే సందేశాన్ని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడుకుంటాం. అలా ఒక మధ్యాహ్నం మాకు తెగని సందేశం ఒకటి వచ్చింది. "భయపడకండి ఫ్రెండ్స్, స్ట్రాంగ్‌గా హోల్డ్ చెయ్యండి, టార్గెట్ కన్ఫర్మ్." ఒకమ్మాయి దానికి పూర్తి ఆశావాదం అని మార్కు వేసింది. రెండోవాడు, ఒక కుర్రాడు, అమ్మకం వైపు వేశాడు. నేను కూడా ఆ అమ్మాయి పక్షమే. అతణ్ణి కారణం అడిగితే, "భయపడకండి అని ఎప్పుడంటారక్కా? ఎవరో భయపడుతున్నప్పుడేగా?" అన్నాడు.

ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ కంపెనీ గురించి ఆ వారం వచ్చిన సందేశాలన్నీ తీసి మళ్ళీ చదివాం. భయపడుతున్నామని రాసినవాళ్ళు దాదాపుగా లేరు. భయపడకండి అని చెప్పినవాళ్ళు మాత్రం కొల్లలు. జవాబులన్నీ కళ్ళముందే ఉన్నాయి, ప్రశ్న వేసినవాళ్ళు ఎక్కడా కనిపించరు. వాళ్ళెవరో మా లెక్కలో లేరు.

వాళ్ళెవరో నాకు మా బాబాయి దగ్గర తెలిసింది. తెనాలిలో హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. లెక్కల్లో నిక్కచ్చి. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత ఒక చిన్న కంపెనీ షేర్లలో పెట్టారు. ఆ కంపెనీ గురించి ఆన్‌లైన్‌లో వచ్చే ప్రతి సందేశాన్నీ కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ కబుర్లు వచ్చాయి. నా పని ఇదే కాబట్టి వదలకుండా అడిగాను.

"మరి మీరేం రాశారు బాబాయ్ అక్కడ?"

"నేనేం రాస్తానమ్మా? రాసేవాళ్ళు రాస్తున్నారు, నేను చదువుతున్నాను."

"అమ్మేద్దామని ఎప్పుడూ అనిపించలేదా?"

"ఎందుకనిపించలేదు? రోజూ పొద్దున్నే అమ్మకానికి పెడుతూనే ఉన్నాను. కొనేవాడేడీ? లోయర్ సర్క్యూట్‌లో కూర్చుందిగా."

"ఆ సంగతే రాయొచ్చుగా అక్కడ. కొత్తగా కొందామనుకునేవాళ్ళకి తెలుస్తుంది."

బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు. "రాస్తే ఇంకో నలుగురు అమ్మడానికి వస్తారమ్మా. ఆ వచ్చే ఒకరిద్దరు కొనేవాళ్ళు కూడా ఆగిపోతారు. ఇక నా వంతు ఎప్పుడొస్తుంది?"

ఆయన ఎవరినీ మోసం చేయాలనుకునే మనిషి కాదు. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. ఊరుకున్నారు, అంతే. అలా ఊరుకునేలా చేసింది ఆయన నిలబడ్డ చోటు. లోయర్ సర్క్యూట్ అంటే ఆ రోజుకు ధర ఇంతకంటే తగ్గకూడదని ఎక్స్ఛేంజీ పెట్టిన అడుగు. ఆ ధరకు అమ్మేవాళ్ళ ఆర్డర్లు బారులు తీరి ఉంటాయి, కొనేవాళ్ళ వైపు సున్నా ఉంటుంది. ఒకే ధర దగ్గర ముందు వచ్చిన ఆర్డరుకే ముందు అవకాశం. సాయంత్రానికి అన్నీ రద్దయి మర్నాడు పొద్దున మళ్ళీ మొదటి నుంచి వరస కట్టాలి. అలాంటి వరసలో నిలబడినవాడికి నిజం చెప్పడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

అప్పటినుంచి ఏ సందేశం చదివినా దాని వెనకున్న మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడా అనే ఆలోచిస్తున్నాను. షేరు కొనేసి ధర పెరగాలని చూస్తున్నవాడు మాట్లాడతాడు, మాట్లాడితే అతనికి మేలు. అమ్మలేక ఇరుక్కున్నవాడు ఊరుకుంటాడు, లేదా మిగతావాళ్ళకు ధైర్యం చెబుతాడు. నష్టానికో లాభానికో అమ్మేసి బయటపడ్డవాడికి ఇక ఆ కంపెనీతో పని లేదు, వెళ్ళిపోతాడు. కొనబోయేవాడు కూడా నోరెత్తడు. పశువుల సంతలో ఎద్దును పొగిడేది అమ్మేవాడే గదా. కొనడానికి వచ్చినవాడు చప్పుడు చెయ్యకుండా పళ్ళు చూస్తాడు. మిగిలింది ఈ కంపెనీకి అంత విలువ లేదని గట్టిగా నమ్మి అసలు కొననివాడు. అతనికి మాట్లాడవలసిన అవసరమే లేదు.

ఈ చివరి మనిషి గురించి ఎడ్వర్డ్ మిల్లర్ 1977లోనే రాశారు. షేరు లేకుండానే అమ్మే వీలు, అంటే షార్ట్ సెల్లింగ్, లేని చోట నిరాశావాది అభిప్రాయం ధరలోకి రాదని, కాబట్టి ధర అందరికంటే ఎక్కువ ఆశపడేవాళ్ళ అంచనా దగ్గర నిలబడుతుందని ఆయన వాదన. మన దేశంలో చిన్న కంపెనీలకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్నవి సుమారు రెండు వందల పెద్ద షేర్లకే. మిగతా వేల కంపెనీల్లో, ఈ షేరు పడుతుందని నమ్మేవాడు ఆ నమ్మకం మీద పందెం కాయడానికి దారి దాదాపు లేనట్టే. నిరాశావాది గొంతు ధరలోనూ లేదు, సందేశాల్లోనూ లేదు. రెండు చోట్లా వినబడేది ఒకే గొంతు. మాటల నుంచి తీసిన అంకెను ధర పక్కన పెట్టి, రెండూ కలిసి నడుస్తున్నాయి చూడండి అని అనేవాళ్ళకు నేను ఇప్పుడు ఇదే చెబుతాను. ఒకే మనిషి రెండు చోట్ల సంతకం పెడితే ఇద్దరు సాక్షులు అయిపోరు.

చిన్న కంపెనీల్లో ఈ గొంతుకు అంత బలం ఎలా వస్తుందో కూడా చూడాలి. మన నిబంధనల ప్రకారం ప్రమోటర్లు, అంటే కంపెనీని చేతిలో ఉంచుకున్న యజమానులు, 75 శాతం దాకా తమ దగ్గరే పెట్టుకోవచ్చు. మిగతా 25 శాతంలో కూడా అందరూ రోజూ కొని అమ్మేవాళ్ళు కారు. కొందరు ఎప్పుడో కొని మరచిపోయి ఉంటారు. నిజంగా చేతులు మారేది పిసరంత. అందువల్ల కొద్ది డబ్బుతోనే ధరను కదిలించవచ్చు. రోజుకు 5 శాతం హద్దు ఉన్న షేరు వరసగా 15 రోజులు అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజు పై హద్దు, కొడితే ధర రెండింతలు దాటుతుంది. అంటే సెలవులు పోను మూడు వారాలు. ఆ మూడు వారాల్లో కంపెనీలో ఏమీ మారి ఉండదు, కానీ దాని గురించిన మాట మాత్రం ఊరూరా పాకి ఉంటుంది. అక్కణ్ణించి అదే 5 శాతం చొప్పున 14 రోజులు పడితే ధర సగం కంటే కిందికి వస్తుంది. ఎక్కేటప్పుడు కొందామంటే అమ్మేవాడుండడు, దిగేటప్పుడు అమ్ముదామంటే కొనేవాడుండడు. చివరిలో వచ్చినవాడికి రెండు తలుపులూ మూసే ఉంటాయి.

మాటల్ని ఆయుధంగా వాడుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో న్యూజెర్సీకి చెందిన ఒక 15 ఏళ్ళ కుర్రాడి మీద అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ 2000లో చర్య తీసుకుంది. లావాదేవీలు పెద్దగా జరగని చిన్న కంపెనీల షేర్లు ముందు కొనుక్కుని, రకరకాల మారుపేర్లతో ఇంటర్నెట్‌లో వందల సందేశాలు పెట్టి, ధర పెరగగానే అమ్మేశాడని అభియోగం. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా అతను వడ్డీతో కలిపి 2,85,000 డాలర్లు కట్టి రాజీ పడ్డాడు. ఆ సందేశాలను సెంటిమెంట్ కొలిచే యంత్రంలో వేసి ఉంటే వందల మంది మదుపరుల ఉత్సాహంగా నమోదయ్యేవి. ఉన్నది ఒక్కడు.

మన దగ్గర సాధనా బ్రాడ్‌కాస్ట్ వ్యవహారం ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. బీఎస్‌ఈలో నమోదైన ఈ టీవీ కంపెనీ షేరు గురించి 2022 జులైలో కొన్ని యూట్యూబ్ ఛానెళ్ళలో వీడియోలు వచ్చాయి. అదానీ గ్రూపు దాన్ని కొనబోతోందని, ఒక పెద్ద అమెరికన్ సంస్థ 1,100 కోట్ల రూపాయలతో భక్తి సినిమాలు తీయించబోతోందని వాటిలో చెప్పారు. అవన్నీ అబద్ధాలని, వాటిని జనం ముందుకు తేవడానికి డబ్బిచ్చి ప్రకటనలు కూడా వేయించారని సెబీ 2023 మార్చి 2న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో పేర్కొని 31 మందిని మార్కెట్లోకి రాకుండా ఆపింది. 2025 మేలో తుది ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ మధ్యంతర ఉత్తర్వులో రెండు అంకెలున్నాయి. వీడియోల తర్వాత ఆ కంపెనీలో చిన్న వాటాదారుల సంఖ్య 2,167 నుంచి 55,343కు పెరిగింది. వాళ్ళు కొంటున్నప్పుడు, కొందరు ప్రమోటర్లూ యాజమాన్యంలోనివాళ్ళూ పెద్ద వాటాదారులూ పెరిగిన ధర దగ్గర తమ షేర్లు అమ్ముకున్నారు.

ఈ రెండు అంకెల ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. 53 వేల మందికి పైగా కొత్తగా వచ్చారు. వాళ్ళలో ఆన్‌లైన్‌లో ఒక్క ముక్కయినా రాసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నేను చూసిన కంపెనీల అనుభవాన్ని బట్టి, రాసేవాళ్ళు పిడికెడు, చదివి డబ్బు పెట్టేవాళ్ళు వేలు. మా బాబాయిలాంటివాళ్ళే వాళ్ళంతా. ఉద్యోగం చేసి కూడబెట్టుకున్నవాళ్ళు, పిల్ల పెళ్ళికని దాచుకున్నవాళ్ళు, కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో డీమ్యాట్ ఖాతా తెరుచుకున్నవాళ్ళు. దేశంలో 2020 మార్చి నాటికి దాదాపు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2023 ఆగస్టుకు 10 కోట్లు దాటాయి. ఇంతమంది కొత్తగా మార్కెట్లోకి రావడం మంచిదే, నేను దాన్ని మనస్ఫూర్తిగా కోరుకునేదాన్నే. వాళ్ళు వచ్చే దారిలో మొదట ఎదురయ్యేది మాత్రం ఈ మాటలే. ఆ మాటల్ని కొలిచి, ఇదిగో మదుపరుల మనసు అని అంకె వేసి ఇచ్చే పని నాది. కొలతలో వాళ్ళు లేకుండా అది వాళ్ళ మనసు ఎలా అవుతుంది?

ఆ తర్వాత నేను కొలిచే పద్ధతిలో కొన్ని మారాయి. సందేశాలను లెక్కపెట్టడం తగ్గించి మనుషుల్ని లెక్కపెడుతున్నాను. అక్షరం మారకుండా పదిచోట్ల కనిపించే సందేశం నాకు ఒక్కటే. నిన్న పుట్టిన ఖాతా నుంచి వచ్చే పొగడ్తకూ, ఏళ్ళ తరబడి లాభనష్టాలు రెండూ చెప్పుకుంటూ వచ్చిన మనిషి మాటకూ ఒకే బరువు ఇవ్వను. సందేశం ముందు వచ్చిందా ధర ముందు కదిలిందా అన్నది గంటలతో సహా చూస్తాను. చాలాసార్లు ధరే ముందు కదులుతుంది, మాట దాని వెనక పరిగెడుతుంది. సందేశాలను అప్పటికప్పుడు భద్రపరుస్తాను, ఎందుకంటే షేరు కూలిపోయాక "కన్ఫర్మ్ టార్గెట్" అన్నవాళ్ళు వాటిని చెరిపేస్తారు. ఏడాది తర్వాత పోగుచేసి చూసేవాడికి ఆ కంపెనీ చరిత్రలో అందరూ వివేకవంతులుగానే కనిపిస్తారు.

అన్నిటికంటే ముఖ్యంగా, వాదన ఉందా లేదా అని చూస్తున్నాను. ఇందాక మనసులో పెట్టుకోమన్నది ఇదే. ఒకరు కంపెనీ అప్పు గురించి అడిగి, ఇంకొకరు బాలెన్స్ షీటు తెచ్చి జవాబు చెప్పి, మూడోవాడు ఆడిటర్ ఎందుకు మారాడని పట్టుకుంటే, ఆ మాటల్లో స్కోరు ఎంత తక్కువ వచ్చినా నాకు దిగులు లేదు. అక్కడ వ్యాపారం గురించిన ఆలోచన నడుస్తోంది. నూటికి తొంభై ఐదు మంది ఒకే మాట అంటూ, అప్పు గురించి అడిగినవాణ్ణి నెగెటివ్ మనిషని తరిమేస్తుంటే, స్కోరు ఎంత ఎక్కువగా ఉంటే నాకు అంత భయం. మా పాత పద్ధతిలో ఈ రెండో కంపెనీకే పెద్దపీట.

మాట్లాడనివాళ్ళను పట్టుకునే చోటు కూడా ఒకటి దొరికింది. అది బహిరంగంగానే ఉంది. నమోదైన కంపెనీలు మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా, తమ షేర్లు ఎవరెవరి దగ్గర ఎంతెంత ఉన్నాయో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఆ పట్టికలో ప్రమోటర్లు, ఫండ్లు, విదేశీ సంస్థలు అన్నీ దాటాక కింద ఒక వరస ఉంటుంది. ముఖవిలువ ప్రకారం 2 లక్షల రూపాయల లోపు వాటా ఉన్న వ్యక్తులు ఎంతమంది, వాళ్ళందరి దగ్గరా కలిపి ఎంత శాతం. సాధనా విషయంలో సెబీ చూపించిన మార్పు లాంటిది కనిపించేది ఈ వరసలోనే. ఇక్కడ ఎవరూ ఎవరినీ పొగడరు, భయపడకండి అని చెప్పరు. రాసినవాడూ రాయనివాడూ ఒక్కొక్కరుగానే లెక్కకు వస్తారు. పైన ప్రమోటర్ల శాతం తగ్గుతూ, కింద ఈ వరసలో తలలు వేలకు వేలు పెరుగుతూ ఉంటే, ఆ కంపెనీ గురించి ఆన్‌లైన్‌లో ఎంత మంచి వినిపిస్తున్నా చేతులు మారుతున్నది ఎటువైపో తెలిసిపోతుంది.

బాబాయికి ఆ పట్టిక ఎక్కడ దొరుకుతుందో చూపించాను. ఆయన పాత త్రైమాసికాలన్నీ తెరిచి, తెల్లకాగితం మీద గీతలు గీసుకుని, పక్కపక్కన రాసుకున్నారు. తను కొన్న త్రైమాసికంలో ఆ వరస ఎంత లావయిందో చూసి, "ఇంతమందిమి ఒకేసారి ఎక్కామన్నమాట" అన్నారు. కాసేపాగి మళ్ళీ ఆయనే అడిగారు. "ఇది నేను కొనేరోజుకి కనిపించేదేనా అమ్మా?"

కనిపించేది కాదు. త్రైమాసికం మొదట్లో జరిగింది త్రైమాసికం ముగిసి మరో మూడు వారాలు గడిచాక గానీ బయటికి రాకపోవచ్చు. షేరు రెండింతలు కావడానికి 15 రోజులు చాలు, సగం కావడానికి 14. పట్టిక వచ్చేసరికి ఎక్కడమూ దిగడమూ రెండూ అయిపోయి ఉండవచ్చు. అయితే షేర్లు దాదాపు అన్నీ ఇప్పుడు డీమ్యాట్ ఖాతాలు నడిపే డిపాజిటరీల కంప్యూటర్లలోనే ఉన్నాయి, ఏ కంపెనీలో ఎన్ని చిన్న ఖాతాలున్నాయో వాటికి ఎప్పటికప్పుడు తెలుసు. పేర్లు అక్కర్లేదు, ఆ ఒక్క సంఖ్య చాలు. కనీసం ఎక్స్ఛేంజీల నిఘా జాబితాలోకి వచ్చిన చిన్న కంపెనీల వరకైనా, దాన్ని వారానికోసారి షేరు ధర పక్కనే జనానికి చూపించాలని నా కోరిక. మాటల్ని కొలిచే యంత్రాలకు ఇప్పటికే ఎంతో ఖర్చుపెడుతున్నాం. ఈ సంఖ్యను కొత్తగా కొలవనక్కర్లేదు, ఉన్నదాన్ని బయటపెడితే చాలు.